పూత వేసిన గ్రానోలా బార్‌లో అసలేముంది? లేబుల్ చదివి లెక్క తేల్చుకునే పద్ధతి

"ఈ బార్ మంచిదేనా?" అని రేపర్ ఫొటో పంపి అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కో బార్‌కీ విడిగా జవాబు చెబితే ఆ ఒక్కదానికే పనికొస్తుంది. అందుకే ఎవరికి వాళ్లు పది నిమిషాల్లో తేల్చుకునే పద్ధతి ఇక్కడ వరసగా రాస్తున్నాను. గ్రానోలా బార్, సీరియల్ బార్, ప్రోటీన్ బార్ ఏదైనా సరే, పైన చాక్లెట్టో పెరుగు పూతో ఉంటే ఇదే లెక్క.

మొదట ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. పూత ఉన్న బార్‌లో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి లోపలి ధాన్యపు ముద్ద, రెండోది పైపూత. ఈ రెంటినీ విడదీసి చూసినప్పుడే లేబుల్ మీది అంకెలకి అర్థం తెలుస్తుంది.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- బార్ రేపర్. డబ్బాలో వస్తే డబ్బా కూడా కావాలి, పూర్తి పట్టిక చాలాసార్లు దాని మీదే ఉంటుంది.
- ఫోన్‌లో కాలిక్యులేటర్, ఒక కాగితం.
- పోల్చడానికి ఇంకో బార్ రేపర్. ఒక్కదాన్నే చూస్తే ఏ అంకె ఎక్కువో తెలియదు.
- వీలైతే గ్రాముల్లో తూచే డిజిటల్ కాటా. ఇది 6వ మెట్టుకి మాత్రమే అవసరం.

రేపర్ మీద మూడు చోట్లు వెతికి పెట్టుకోండి: నికర బరువు, పోషకాల పట్టిక, పదార్థాల జాబితా. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని ప్రస్తుతానికి చదవకండి. దాని సంగతి చివర్లో చూద్దాం.

## 2. 100 గ్రాముల కాలమ్‌తో మొదలుపెట్టండి

బార్‌లు 20 గ్రాముల నుంచి 60 గ్రాముల దాకా రకరకాల బరువుల్లో వస్తాయి. "ఒక బార్‌కి" అనే కాలమ్‌తో రెండు బార్‌లని పోలిస్తే చిన్న బార్ ఎప్పుడూ మంచిదిలాగే కనిపిస్తుంది. కాబట్టి పోలిక ఎప్పుడూ 100 గ్రాములకే చెయ్యాలి.

కొన్ని దేశాల లేబుళ్లలో 100 గ్రాముల కాలమ్ ఉండదు. అప్పుడు బార్‌కి ఇచ్చిన అంకెని బార్ బరువుతో భాగించి 100తో హెచ్చవేయండి.

ఎక్కువ, తక్కువ తేల్చడానికి ఒక కొలబద్ద కావాలి. ఆహార ప్యాకెట్ల ముందువైపు వేసే రంగు గుర్తుల కోసం బ్రిటన్‌లో వాడే హద్దులు సులువుగా ఉంటాయి, నేను వాటినే వాడతాను. 100 గ్రాములకి:

- చక్కెర: 5 గ్రాములు, అంతకన్నా తక్కువైతే తక్కువ. 22.5 దాటితే ఎక్కువ.
- మొత్తం కొవ్వు: 3 లోపు తక్కువ. 17.5 దాటితే ఎక్కువ.
- సంతృప్త కొవ్వు: 1.5 లోపు తక్కువ. 5 దాటితే ఎక్కువ.
- ఉప్పు: 0.3 లోపు తక్కువ. 1.5 దాటితే ఎక్కువ.

లేబుల్ మీద ఉప్పు బదులు సోడియం ఉంటే దాన్ని 2.5తో హెచ్చవేయండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. శక్తి కిలోజౌళ్లలో ఉంటే 4.184తో భాగిస్తే కిలో క్యాలరీలు వస్తాయి.

పూత ఉన్న బార్‌లు చక్కెరలో, సంతృప్త కొవ్వులో ఈ "ఎక్కువ" హద్దుని దాటడం మామూలే. అది చూసి కంగారు పడనక్కర్లేదు, మీరు తినేది 100 గ్రాములు కాదు కదా. అందుకే తర్వాతి మెట్టు.

## 3. మీ చేతిలో ఉన్న బార్‌కి మార్చుకోండి

లెక్క అర్థమవడానికి ఒక ఊహా బార్ తీసుకుందాం. బరువు 35 గ్రాములు. 100 గ్రాములకి అంకెలు ఇలా ఉన్నాయనుకోండి: శక్తి 473 కిలో క్యాలరీలు, ప్రోటీన్ 7, పిండిపదార్థం 62, అందులో చక్కెర 30, ఆ చక్కెరలో విడిగా కలిపినది 26, పీచు 5, కొవ్వు 23, అందులో సంతృప్తం 12 గ్రాములు, సోడియం 160 మిల్లీగ్రాములు.

ప్రతి అంకెనీ 0.35తో హెచ్చవేస్తే బార్‌కి వచ్చేది:

- శక్తి 166 కిలో క్యాలరీలు
- చక్కెర 10.5 గ్రాములు, అందులో కలిపినది 9.1
- పీచు 1.75 గ్రాములు
- ప్రోటీన్ 2.5 గ్రాములు
- కొవ్వు 8 గ్రాములు, అందులో సంతృప్తం 4.2
- సోడియం 56 మిల్లీగ్రాములు, అంటే ఉప్పు 0.14 గ్రాములు

ఇప్పుడు దీన్ని రోజు మొత్తంతో పోల్చండి. రోజుకి 2000 కిలో క్యాలరీలు తినే పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం విడి చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మేలు. ఈ విడి చక్కెరలో తేనె, సిరప్‌లు, పండ్ల రసాల గాఢ ద్రవాలు కూడా లెక్కే. సంతృప్త కొవ్వు శక్తిలో 10 శాతానికి మించకూడదు, అంటే సుమారు 22 గ్రాములు. పీచు కనీసం 25 గ్రాములు కావాలి.

మన బార్‌లో కలిపిన చక్కెర 9.1 గ్రాములు. 50లో అది 18 శాతం, 25లో అయితే 36 శాతం. సంతృప్త కొవ్వు రోజు హద్దులో దాదాపు అయిదో వంతు. పీచు మాత్రం 7 శాతమే. బార్ తీసుకునేదేమో పీచు కోసమనుకుంటాం!

ఇక్కడే ఒక జాగ్రత్త. కొన్ని ప్యాకెట్లలో రెండు బార్‌లు కలిసి ఉంటాయి, పట్టిక మాత్రం ఒక్కదానికే వేస్తారు. ప్యాకెట్ తెరిస్తే రెండూ తినేసేవాళ్లయితే అన్ని అంకెల్నీ రెట్టింపు చేసుకోండి.

## 4. క్యాలరీలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో విడదీయండి

1 గ్రాము ప్రోటీన్‌కి 4, పిండిపదార్థానికి 4, కొవ్వుకి 9, పీచుకి 2 కిలో క్యాలరీలు. ఈ నాలుగు అంకెలు చాలు.

మన 35 గ్రాముల బార్‌లో కొవ్వు నుంచి 72 కిలో క్యాలరీలు వస్తున్నాయి. మొత్తం శక్తిలో అది 44 శాతం. చక్కెర నుంచి 42, అంటే 25 శాతం. ప్రోటీన్ నుంచి 10, అంటే 6 శాతం. చక్కెర, కొవ్వు కలిపి దాదాపు 70 శాతం అయ్యాయి. రేపర్ మీద ఓట్స్ బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, ఈ బార్ శక్తి ఎక్కువగా వచ్చేది చక్కెర, కొవ్వుల నుంచే.

ఈ లెక్కతో ఇంకో ఉపయోగం ఉంది. పిండిపదార్థం వరసలో పీచు కలిసి ఉందా, విడిగా ఉందా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా లేబుల్‌లో కలిసి ఉంటుంది, యూరప్ లేబుల్‌లో విడిగా ఉంటుంది. అనుమానం వస్తే రెండు రకాలుగానూ వేసి చూడండి. మన ఉదాహరణలో కలిసి ఉందనుకుంటే 28 + 207 + 228 + 10 = 473, అచ్చయిన అంకెతో సరిపోయింది. విడిగా ఉందనుకుంటే 493 వచ్చేది. దిగుమతి చేసుకున్న బార్‌ని ఇంకో బార్‌తో పోల్చేటప్పుడు ఈ తేడా తెలియక చాలామంది తికమకపడతారు.

లేబుల్ అంకెలకి కొంత వెసులుబాటు ఉంటుందని కూడా తెలుసుకోండి. చక్కెర, కొవ్వు లాంటివాటిలో సుమారు 20 శాతం తేడాని చట్టాలే ఒప్పుకుంటాయి. ఒక బార్‌లో 10 గ్రాముల చక్కెర, ఇంకోదాంట్లో 11 ఉంటే ఆ రెండూ ఒకటే అనుకోవచ్చు.

## 5. పదార్థాల జాబితాని వేలు పెట్టి చదవండి

జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి ఉంటుంది. మొదటి మూడు పేర్లే బార్‌లో పెద్ద భాగం. అయితే మొదటి పేరు ఓట్స్ అని ఉంటే సరిపోదు.

చక్కెరని ఒకే పేరుతో వేస్తే అది పైకి వచ్చేస్తుంది. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, తేనె, బ్రౌన్ షుగర్, డెక్స్‌ట్రోజ్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, రైస్ సిరప్ అని విడివిడిగా వాడితే ఒక్కొక్కటీ కిందికి జారిపోతుంది. కాబట్టి వీటన్నిటికీ పెన్సిల్‌తో గీత గీసి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగు దాటాయంటే 3వ మెట్టులో వచ్చిన చక్కెర అంకెని మళ్లీ ఒకసారి చూసుకోండి.

బ్రాకెట్లు వదిలేయకండి. "రైస్ క్రిస్ప్స్" అని ఉన్న చోట బ్రాకెట్‌లో బియ్యప్పిండి, చక్కెర, ఉప్పు ఉంటాయి. "చాక్లెట్ పూత" పక్కన బ్రాకెట్‌లో చక్కెర మొదటి పేరుగా కనిపిస్తుంది. ఎండు క్రాన్‌బెర్రీల పక్కన కూడా చాలాసార్లు చక్కెర ఉంటుంది, పుల్లటి పండు కాబట్టి తీపి కలిపే ఎండబెడతారు.

అలర్జీ ఉన్నవాళ్లు ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగాలి. పూతలో పాలు, సోయా లెసిథిన్ ఉంటాయి. లోపల వేరుశనగ, ఇతర గింజలు ఉంటాయి. ఓట్స్‌కి గోధుమ తగిలే అవకాశం ఎక్కువ. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివాళ్లు గ్లూటెన్ లేదని ప్రత్యేకంగా రాసి ఉన్న ఓట్స్ బార్‌నే తీసుకోవాలి.

## 6. పూతని విడిగా లెక్కగట్టండి

తీపి, సంతృప్త కొవ్వు ఎక్కడ దాక్కున్నాయో తెలిసేది ఇక్కడే. అందుకే ఈ మెట్టుని వదలొద్దని మళ్లీ మళ్లీ చెబుతాను.

పూత ఎంత ఉందో తెలుసుకోవడం. కొన్ని రేపర్ల మీద "మిల్క్ చాక్లెట్ 30%" అని శాతం రాసి ఉంటుంది. ఉంటే పని అయిపోయినట్టే. లేకపోతే అయిదు బార్‌లు కలిపి తూచండి. ఫ్రిజ్‌లో బాగా చల్లబడనిచ్చి, సన్నని చాకుతో పూతని లేపండి. చల్లగా ఉంటే పెచ్చులుగా ఊడొస్తుంది. ఊడిన పూతని తూచి, మొత్తం బరువుతో భాగించండి. ఒక్క బార్‌తో చేస్తే ఇంట్లో వాడే కాటాలో ఒకటి రెండు గ్రాముల తేడాకే శాతం తారుమారవుతుంది. అందుకే అయిదు.

పూత ఏ రకమో చూడడం. మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి.

*అసలు చాక్లెట్.* కొవ్వు కోకో వెన్న నుంచి వస్తుంది. అందులో సుమారు 60 శాతం సంతృప్త కొవ్వే, కానీ దాంట్లో సగానికి పైగా స్టియరిక్ ఆమ్లం. చెడ్డ కొలెస్ట్రాల్‌ని ఇది పెద్దగా పెంచదు.

*కాంపౌండ్ పూత.* కోకో వెన్న బదులు పామ్ కెర్నెల్ నూనె లాంటివి వాడతారు. ఇందులో సంతృప్త కొవ్వు 80 శాతం దాకా ఉంటుంది, ఎక్కువ భాగం కొలెస్ట్రాల్‌ని పెంచే లారిక్ ఆమ్లం. వంటకి వాడే పామాయిల్‌లో సంతృప్తం సగమే, రెండూ ఒకటనుకోవద్దు. జాబితాలో "కెర్నెల్" అనే మాట ఉందో లేదో చూడండి. "పాక్షికంగా హైడ్రోజనేటెడ్" అని ఉంటే గుండెకి చేటు చేసే ట్రాన్స్ కొవ్వు ఉన్నట్టే, ఆ బార్ పక్కన పెట్టేయండి. పట్టికలో ట్రాన్స్ 0 అని ఉన్నా సరే. కొన్ని చోట్ల ఒక వడ్డనకి అర గ్రాము లోపుంటే 0 అని వేయొచ్చు.

*పెరుగు పూత.* పేరు విని ఇది తేలిక అనుకుంటారు. జాబితా తెరిస్తే మొదట చక్కెర, తర్వాత పామ్ కెర్నెల్ నూనె, ఆ తర్వాత పాలపొడి, ఎక్కడో కింద పెరుగు పొడి కనిపించడమే ఎక్కువ. గిన్నెలో పెరుగుకీ దీనికీ పోషకాల్లో పోలిక లేదు.

లెక్క. మిల్క్ చాక్లెట్ 100 గ్రాముల్లో సుమారు 535 కిలో క్యాలరీలు, 52 గ్రాముల చక్కెర, 30 గ్రాముల కొవ్వు, అందులో 18 దాకా సంతృప్తం ఉంటాయి. మన 35 గ్రాముల బార్‌లో పూత 30 శాతం అంటే 10.5 గ్రాములు. దాన్నుంచి వచ్చేది 56 కిలో క్యాలరీలు, 5.5 గ్రాముల చక్కెర, 1.9 గ్రాముల సంతృప్త కొవ్వు.

బార్ మొత్తం చక్కెర 10.5 గ్రాములని గుర్తుంది కదా. బరువులో మూడో వంతు కూడా లేని పూత, చక్కెరలో సగానికి పైగా మోసుకొచ్చింది. సంతృప్త కొవ్వులోనూ దాదాపు సగం దానిదే.

మరి డార్క్ చాక్లెట్ పూత అయితే? 70 శాతం కోకో ఉన్నదాంట్లో 100 గ్రాములకి చక్కెర 30 లోపే ఉంటుంది, పీచు కూడా బాగానే ఉంటుంది. క్యాలరీలు మాత్రం తగ్గవు, 590 దగ్గర ఉంటాయి. సంతృప్త కొవ్వు మిల్క్ చాక్లెట్ కన్నా ఎక్కువే. చక్కెర తగ్గించాలనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది, బరువు తగ్గాలనుకునేవాళ్లకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

## 7. పీచు, ప్రోటీన్ ఎక్కడివో అడగండి

ఓట్స్ 100 గ్రాముల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. అందులో బీటా గ్లూకాన్ అనే రకం పీచు 4 గ్రాములు. కొలెస్ట్రాల్ తగ్గడానికి రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలని చెబుతారు. బార్‌లో ఓట్స్ 10 గ్రాములుంటే వచ్చేది 0.4 గ్రాములే. "గుండెకి మంచి ఓట్స్" అనే మాటని ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

కొన్ని బార్‌లలో పీచు 8 లేదా 10 గ్రాములని ఉంటుంది. జాబితాలో ఇన్యులిన్ లేదా చికోరీ వేరు పీచు ఉంటే ఆ అంకె అక్కణ్ణుంచి వచ్చిందని గ్రహించండి. అది చెడ్డదేం కాదు. కానీ కడుపు ఉబ్బరం, గ్యాస్ వచ్చేవాళ్లు ఒకేసారి పూర్తి బార్ తినకుండా సగంతో మొదలుపెట్టాలి.

ప్రోటీన్‌కి కూడా అంతే. సోయా, పాల ప్రోటీన్ అయితే నాణ్యమైనవి. కొల్లాజెన్ లేదా జెలటిన్ పేరు ముందుంటే అందులో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం ఉండదు. గ్రాములు ఎక్కువ కనిపించినా శరీరానికి అందేది ఆ స్థాయిలో ఉండదు.

చక్కెర లేదని రాసిన బార్‌లలో చక్కెర బదులు మాల్టిటాల్, సార్బిటాల్ అనే తీపి పదార్థాలు వాడతారు. వీటికి గ్రాముకి 2.4 కిలో క్యాలరీలని యూరప్‌లో లెక్క. ఎక్కువ తింటే విరేచనాలవుతాయి. మాల్టిటాల్ రక్తంలో చక్కెరని కొంత పెంచుతుంది కూడా. ఇలాంటిదే ఇంకో తీపి పదార్థం జైలిటాల్ ఉంటే ఇంట్లో కుక్కకి అందకుండా చూడండి, కుక్కలకది విషం.

## 8. ఎందుకు తింటున్నారో దాన్నిబట్టి తేల్చుకోండి

పొద్దున టిఫిన్ బదులు: 166 కిలో క్యాలరీలు, 2.5 గ్రాముల ప్రోటీన్‌తో పూట గడవదు. గంటన్నరలో ఆకలేస్తుంది. తప్పనిసరైతే పాలో, గుడ్డో, పండో తోడు పెట్టుకోండి.

వ్యాయామానికి ముందు: కొవ్వు, పీచు ఎక్కువైతే కడుపులో బరువుగా ఉంటుంది. పూత లేని, తేలికపాటి సీరియల్ బార్ ఇక్కడ మెరుగు.

చిన్నపిల్లలకి: అయిదేళ్ల లోపు పిల్లలకి గింజలు అలాగే ఉన్న బార్ ఇవ్వకండి, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. పెద్ద పిల్లలకైనా తిన్నాక నోరు పుక్కిలించడం నేర్పండి, ఈ సిరప్ పళ్లకి అంటుకుపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లకి: చక్కెర వరస ఒక్కటే చూసి ఆగిపోవద్దు, మొత్తం పిండిపదార్థం చూడాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. షుగర్ ఒక్కసారిగా పడిపోయినప్పుడు పూత ఉన్న బార్ తినకండి. దానిలోని కొవ్వు వల్ల గ్లూకోజ్ రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. అప్పుడు గ్లూకోజ్ మాత్రలు, పండ్ల రసం లాంటివే కావాలి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సర్దుబాటు

ముందువైపు మాటల్ని నమ్మడం. "మల్టీగ్రెయిన్" అంటే ధాన్యాలు ఒకటి కన్నా ఎక్కువని మాత్రమే అర్థం, అవి పూర్తి గింజలని కాదు. *సర్దుబాటు:* జాబితాలో "హోల్" అనే మాట ఉందో చూడండి. ఓట్స్‌కి ఆ బెంగ లేదు, మామూలు ఓట్స్ రేకులు పూర్తి గింజలే.

"చక్కెర కలపలేదు" అంటే తీపి లేదనుకోవడం. ఖర్జూరం ముద్దలో 100 గ్రాములకి 60 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. దాంతోపాటు పీచు వస్తుంది, అది నిజమే. *సర్దుబాటు:* కలిపిన చక్కెర వరసతో పాటు మొత్తం చక్కెర వరస కూడా చూడండి.

పీచు ఉందని ఆనందపడి నిష్పత్తి మర్చిపోవడం. *సర్దుబాటు:* పిండిపదార్థాన్ని పీచుతో భాగించండి. 10 లేదా అంతకన్నా తక్కువ వస్తే బాగున్నట్టు. మన ఉదాహరణలో 62ని 5తో భాగిస్తే 12.4, అంటే 10 దాటింది, ఈ పరీక్షలో నెగ్గలేదు.

తెల్లటి పొర చూసి పారేయడం. వేడికి కరిగి మళ్లీ గట్టిపడిన పూత మీద కొవ్వు పైకి తేలి బూజులా కనిపిస్తుంది. గడువు దాటకపోతే, వాసన మారకపోతే తినొచ్చు. పోషకాల్లో మార్పుండదు.

దుకాణంలో నిలబడి అన్నీ లెక్కవేసే ఓపిక లేనప్పుడు ఈ నాలుగు చూస్తే చాలు:

- 100 గ్రాములకి చక్కెర 22.5 లోపుందా?
- 100 గ్రాములకి పీచు 6 గ్రాములకి తగ్గకుండా ఉందా? యూరప్‌లో "పీచు ఎక్కువ" అని రాయడానికి పెట్టిన హద్దు ఇదే.
- పూతలో పామ్ కెర్నెల్ నూనె లేదు కదా?
- ప్యాకెట్‌లో ఎన్ని బార్‌లున్నాయి?

## 10. ఇంట్లో చేస్తే లెక్క ఎలా వేయాలి

"ఇంట్లో చేసుకుంటే మంచిదే కదా" అని అడుగుతారు. తూచి చూద్దాం.

ఓట్స్ 200 గ్రాములు, తేనె 100, చక్కెర కలపని పీనట్ బటర్ 100, పైపూతకి 70 శాతం డార్క్ చాక్లెట్ 100. మొత్తం 500 గ్రాములు. శక్తి వరసగా 760, 304, 590, 590, కలిపితే 2244 కిలో క్యాలరీలు. 12 ముక్కలు కోస్తే ఒక్కోదానికి 187.

చక్కెర: తేనెలో 82, చాక్లెట్‌లో 28, పీనట్ బటర్‌లో 8, ఓట్స్‌లో 2. మొత్తం 120, ముక్కకి 10 గ్రాములు. కొన్న బార్‌తో దాదాపు సమానం! ఇంట్లో చేసినంత మాత్రాన చక్కెర తగ్గదు. పీచు మాత్రం ముక్కకి 3 గ్రాములు, ప్రోటీన్ సుమారు 5 గ్రాములు దాకా పెరిగాయి. ఇంట్లో చేసినందుకు దక్కిన లాభం అది.

చక్కెర నిజంగా తగ్గాలంటే తేనె 70 గ్రాములకి దించండి, చాక్లెట్ 50 గ్రాములే కరిగించి అడుగువైపు మాత్రమే పూయండి. అప్పుడు ముక్కకి సుమారు 7 గ్రాములు వస్తుంది. తేనె తగ్గితే ముద్ద విడిపోతుందని భయపడతారు. ట్రేలో గరిటె వెనకవైపుతో గట్టిగా అదిమి, పూర్తిగా చల్లారాకే కోస్తే నిలబడుతుంది. వేడి మీద కోస్తే ఎంత తేనె వేసినా పొడిపొడే.

100 గ్రాముల లెక్క కావాలంటే బేక్ చేశాక ట్రేలోని మొత్తాన్ని మళ్లీ తూచండి. తేమ ఆవిరై బరువు తగ్గుతుంది, క్యాలరీలు తగ్గవు. ఆ 500 కాస్తా 480 అయితే 2244ని 480తో భాగించి 100తో హెచ్చవేయాలి, 467.5 వస్తుంది. చేసిన తేదీ, ఈ అంకె డబ్బా మూత మీద రాసి అంటించండి.